మార్లవాయి నుంచి జీవో 3 దాకా: మన బడి ఉద్యోగాల కథ, మనం ఇప్పుడు చేసుకోవాల్సిన పనులు

నేను డిగ్రీ చదువుతూ హాస్టల్‌లో ఉంటున్నాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఏ ఉద్యోగానికి ఏం చదవాలో అడుగుదామంటే ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. మనలో చాలామందిది ఇదే పరిస్థితి. అందుకే మన ముందు తరాలకు ఉద్యోగాలు ఎట్లా వచ్చినయో, ఎట్లా చేజారినయో చదివి రాస్తున్నాను. పోస్టు కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తకు పని అప్పజెప్పింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నారు. ఇప్పుడది ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉంది. భూమి పోతున్నది, కాగితం చదవడం రాక మోసపోతున్నరు అని వాళ్లకు అర్థమైంది. 1943లో అక్కడే గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ సెంటర్ మొదలైంది.

ఇక్కడొక విషయం గమనించండి. అప్పుడు మనోళ్లలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు దొరకడమే కష్టం. బయటి నుంచి పంతుళ్లను తేవచ్చు, కానీ వాళ్లకు గోండి రాదు, పిల్లలకు వేరే భాష రాదు. అందుకని కొద్దిపాటి అక్షరజ్ఞానం ఉన్న మన యువకులనే తయారు చేసి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వేసి, ఊళ్లకు పంపారు. అంటే ఆ ఉద్యోగానికి మన భాషే ఒక అర్హత. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తది.

తర్వాత కాలంలో గోండి చదువు ఆగిపోయింది. బడులు పెరిగినయి గానీ, బయటి నుంచి పోస్టింగ్ మీద వచ్చిన టీచర్లు చాలాచోట్ల బడికి రాకపోవడం పెద్ద సమస్య అయింది. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 275 ఇచ్చి, ఏజెన్సీలో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్నది. కానీ అర్హత ఉన్న మనోళ్లు సరిపోక, వాళ్లు దొరికేదాకా ఇతరులు కొనసాగొచ్చని 1988లో సవరించాల్సి వచ్చింది. 1989లో ట్రిబ్యునల్ ఆ జీవోను కొట్టేసింది. మళ్లీ 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. మనలో ఎంతోమందికి చదువు చెప్పిన సార్లు, మేడమ్‌లు ఆ జీవోతో వచ్చినవాళ్లే.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ దాన్ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం అన్నది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను మాత్రం, మళ్లీ ఇట్లాంటి జీవో తేవద్దనే షరతు మీద ఉండనిచ్చింది. ఈ తీర్పు మీద మనకు బాధ ఉంది, ఆ హక్కు కోసం అడగడం ఆపొద్దు. కానీ చరిత్ర ఇంకోటి కూడా చెప్తుంది. జీవో వచ్చిననాడు చేతిలో సర్టిఫికెట్ ఉన్నోళ్లే దాన్ని అందుకున్నారు. జీవో పోయిననాడు, అప్పటికే ఉద్యోగంలో చేరినోళ్లే నిలబడ్డారు. అందుకే ఈ పనులు ఇప్పుడే చేసుకోండి.

1. స్టడీ సర్టిఫికెట్లు: తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, 1 నుంచి 7వ తరగతి లోపు కనీసం 4 ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఆశ్రమ పాఠశాలల్లో చదివిన మనకు సొంతూరు ఒక జిల్లా, బడి ఇంకో జిల్లా కావచ్చు. ప్రతి బడి నుంచి బోనఫైడ్ ఇప్పుడే తెచ్చుకోండి. నోటిఫికేషన్ పడ్డాక ఉరికితే హెచ్‌ఎం సెలవులో ఉంటరు. ఆంధ్ర వైపు వాళ్లకు నిబంధన వేరు, అక్కడి నోటిఫికేషన్ చూసుకోండి.

2. ఏ పోస్టుకు ఏ కోర్సు: ఎస్‌జీటీ కావాలంటే ఇంటర్ తర్వాత డీఎడ్ చేయాలి. బీఎడ్‌తో ఎస్‌జీటీ పోస్టు రాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. బీఎడ్ స్కూల్ అసిస్టెంట్‌కు పనికొస్తది. ఫీజు కట్టేముందే ఇది చూసుకోండి.

3. టెట్: 150 మార్కులకు మనకు 60 వస్తే పాస్. కానీ అక్కడ ఆగొద్దు. తెలంగాణ డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. పాసైనా మళ్లీ రాసి మార్కులు పెంచుకోవచ్చు.

4. ఒక్క దారి మీదే కూర్చోవద్దు: తెలంగాణలో మన రిజర్వేషన్ 2022 నుంచి 10 శాతం. కేంద్ర ఉద్యోగాల్లో 7.5 శాతం, వయసులో 5 ఏళ్ల సడలింపు. పోస్టాఫీసు గ్రామీణ డాక్ సేవక్ పోస్టులకు పరీక్షే లేదు, పదో తరగతి మార్కులతో తీసుకుంటరు, మనకు ఫీజు లేదు. పదిలో మంచి మార్కులు వచ్చి ఇంటి దగ్గర ఖాళీగా ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మాట చెప్పండి.

5. మన భాష: బయోడేటాలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు రాసి గోండి, కోయ, కొలామీ రాయకుండా వదిలేస్తం. సిగ్గెందుకు? ఊళ్లలో పనిచేసే సంస్థకైనా, ఆరోగ్య ప్రాజెక్టుకైనా మనోళ్లతో మాట్లాడేవాళ్లు కావాలి. 1943లో మార్లవాయిలో ఉద్యోగం తెచ్చిపెట్టింది ఆ భాషే. తెలిసిన భాషల్లో దాన్నే మొదట రాయండి.

మీ మండలంలో జీవో 3తో చేరిన టీచర్లు ఉంటే ఒకసారి కలిసి, ఎట్లా చదివారో, ఏ కాగితాలు పెట్టారో అడిగి ఇక్కడ రాయండి. ఇంట్లో చెప్పేవాళ్లు లేని మనకు, ఒకరికొకరమే పెద్దదిక్కు.