తెలుగు కోసం ఇంగ్లీషులో తగువు

1913లో గిడుగు రామమూర్తి ఒక పుస్తకం వేశారు. బళ్ళలో, కాలేజీల్లో పిల్లలు రాసే తెలుగు, చదువుకున్నవాళ్ళు మాట్లాడే తెలుగుకి దగ్గరగా ఉండాలన్నది అందులోని వాదం. పుస్తకం పేరు ‘ఎ మెమొరాండమ్ ఆన్ మోడరన్ తెలుగు’. గ్రాంథికం వైపు నిలబడి జయంతి రామయ్య పంతులు రాసిన పుస్తకం పేరు ‘ఎ డిఫెన్స్ ఆఫ్ లిటరరీ తెలుగు’. 1914లో గురజాడ అప్పారావు మద్రాసు యూనివర్సిటీకి ఇచ్చిన అసమ్మతి పత్రం ‘మినిట్ ఆఫ్ డిసెంట్’. మూడూ ఇంగ్లీషులోనే ఉన్నాయి.

తెలుగు ఎలా రాయాలో తేల్చుకోడానికి ఇద్దరు తెలుగువాళ్ళు ఇంగ్లీషులో తగువుపడటం ఇవాళ కాస్త నవ్వు తెప్పిస్తుంది. కానీ తీర్పు చెప్పాల్సింది యూనివర్సిటీ. 1857లో పుట్టినప్పటి నుంచీ దాని వ్యవహారమంతా ఇంగ్లీషులోనే నడిచింది. తెలుగు ముక్క రానివాళ్ళని కూడా ఒప్పిస్తేగానీ పని జరగదు. అందుకే ఇరుపక్షాలూ ఆ భాషలోనే ఆధారాలు చూపించి, ఎదుటివాడి మాట చెప్పి, దాన్ని ఖండించాల్సి వచ్చింది. మనం ఇప్పుడు ‘అకడెమిక్ రైటింగ్’ అంటున్నది సరిగ్గా ఇదే.

మరి వాళ్ళకి ఇది ఎవరు నేర్పారు? ఆనాటి కాలేజీ నేర్పిందనుకోలేం. అప్పటి యూనివర్సిటీ చదువంటే పరీక్ష, పరీక్షంటే కంఠస్థం. చదువు పరీక్షకి లొంగిపోయిందని 1902లో కర్జన్ వేసిన యూనివర్సిటీల కమిషనే ఫిర్యాదు చేసింది. గైడు బట్టీపట్టి గట్టెక్కడం మన తరం కనిపెట్టిందేమీ కాదు.

గిడుగు మెట్రిక్యులేషన్‌తోనే పర్లాకిమిడిలో టీచరుగా చేరారు. బీఏ ఆ తర్వాత ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. ఊరి చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష మీద ఆయనకి ఆసక్తి పుట్టింది. తెలుగు తెలిసిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. దాన్ని శాస్త్రీయంగా రాసిపెట్టడం ఎలాగో తెలియాలి కాబట్టి భాషాశాస్త్ర పుస్తకాలు తెప్పించుకుని సొంతంగా చదివారు. ఆ కృషిలోంచే 1931లో సవర భాష మీద ఇంగ్లీషు మాన్యువల్ వచ్చింది. ఆ చదువు వెనక సిలబస్ లేదు, తేల్చుకోవాల్సిన ఒక విషయం ఉంది.

గురజాడది ఇంకో దారి. విజయనగరంలో చదువుకుంటున్న వయసులోనే, 1883లో, ‘సారంగధర’ అని ఇంగ్లీషు కావ్యం రాశారు. కలకత్తాలో ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ దాన్ని మెచ్చుకుంటూనే, పరాయి భాషలో కవిత్వం ఎందుకు, నీ భాషలో రాయమని హితవు చెప్పారు. గురజాడ విన్నారు. కవిత్వం, నాటకం తెలుగులోకి వచ్చేశాయి. వాదన మాత్రం ఇంగ్లీషులో మిగిలింది. 1897 నాటి ‘కన్యాశుల్కం’ తీసి చూడండి, లోపల నాటకం విశాఖ జిల్లా మాటల్లో ఉంటుంది, ముందుమాట మాత్రం ఇంగ్లీషు. ఏ పని ఏ భాషలో చెయ్యాలో ఆయన తనకి తానే తేల్చుకున్నారు.

ఇప్పుడు మన క్యాంపస్‌లకి వద్దాం. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. అదే ఇవాళ్టి ఇఫ్లూ. పదేళ్ళకి, 1968లో, కాలేజీ పాఠ్యపుస్తకాలు తెలుగులో తేవడానికి తెలుగు అకాడమీ వచ్చింది. ఒకే ఊళ్ళో ఒక సంస్థ ఇంగ్లీషు బోధనని బాగుచేస్తుంటే, ఇంకోటి తెలుగులో డిగ్రీ చదివే వీలు కల్పించింది. రెండూ అవసరమే. అయితే తెలుగులో డిగ్రీ చదివి యూనివర్సిటీలో పీజీకి వచ్చిన కుర్రాడు ఆ రెంటి మధ్య పడిపోతాడు. మొదటి సెమిస్టర్‌లోనే ముప్ఫై పేజీల ఇంగ్లీషు వ్యాసం చేతిలో పెట్టి, ‘క్రిటికల్‌గా స్పందించండి’ అంటారు.

అతను డిక్షనరీ ముందేసుకుని పదం పదం చదువుతాడు. వ్యాసకర్త ఎవరితో తగువుపడుతున్నాడో మాత్రం అతనికి ఎవరూ చెప్పరు. ఏదో కష్టపడి రాసి ఇస్తే ఆర్టికల్స్, ప్రిపొజిషన్ల చుట్టూ ఎర్ర గీతలతో తిరిగొస్తుంది. ‘ఈ మాటతో నువ్వు ఒప్పుకుంటావా? ఒప్పుకోకపోతే ఎందుకు?’ అని మార్జిన్‌లో ఒక్క ప్రశ్న ఉండదు. తనకి భాష రాదనుకుంటాడు, క్లాసులో నోరు మూసుకుంటాడు. నిజానికి తన ఊరి గురించి, కులం గురించి, పంట గురించి ఆ వ్యాసకర్తకి తెలియనిది అతనికి తెలిసే ఉండొచ్చు. అది కాగితం మీదకి రాకుండానే కోర్సు అయిపోతుంది. నష్టం అతనొక్కడిదే కాదు, ఆ చదువుది కూడా.

వ్యాకరణం అక్కర్లేదని కాదు. గిడుగు, గురజాడల ఇంగ్లీషు ఎంతో సాధన చేసింది. కాకపోతే ఆ సాధనకి ముందు వాళ్ళ దగ్గర ఒప్పుకోలేని విషయం ఒకటుంది. మనం వరస తిరగేసి, ముందు భాష, ఆ తర్వాత ఎప్పుడైనా అభిప్రాయం అంటున్నాం. చాలామంది ఆ రెండో మెట్టు దాకా రారు.

కమిటీలో మెజారిటీ గురజాడ వైపు లేదు. అందుకే ఆ పత్రం పేరులోనే అసమ్మతి ఉంది. మరుసటి ఏడే, 1915లో, ఆయన పోయారు. ఆయన అడిగిన తెలుగుకి దగ్గర్లోనే ఇవాళ మనం ఈ వ్యాసం రాసుకుని చదువుకుంటున్నాం.