కావ్యములు – పాఠకులు: ఓరుగల్లు సీమ సాక్ష్యము

మన సాహిత్యచరిత్రలు కవుల చరిత్రలుగా ఆరంభమైనవి. కవి యెవడు, ఏ కాలమువాడు, ఏ యూరివాడు, కృతిభర్త యెవడు అను నాలుగు ప్రశ్నలను పరిష్కరించుటకే మన విమర్శకులు రెండు మూడు తరముల శ్రమను ధారపోసిరి. ఆ శ్రమ వ్యర్థమైనదని యెవరును అనజాలరు. కాని ఆ కృతిని ఎవరు చదివిరి, చదివి యేమనుకొనిరి అని అడిగినవారు తక్కువ. కవి పేరు ఆశ్వాసాంత గద్యమున నిలిచియుండును. పాఠకుని పేరు నిలుచుటకు గ్రంథమున చోటు లేదు. తాళపత్ర ప్రతుల చివర లేఖకుడు చేయు విన్నపము మాత్రము మనకు మిగిలినది. వీపు వంగి, మెడ నొచ్చి, చూపు నిలిపి వ్రాసితిని, దీనిని జాగ్రత్తగా కాపాడుడని అతడు వేడుకొనును. చూచినదే వ్రాసితిని, తప్పులు నావి కావనియు చెప్పుకొనును. అతడు మన తొలి పాఠకుడు. తన అభిప్రాయమును మాత్రము చెప్పలేదు.

అయినను పాఠకుల అభిప్రాయములు పూర్తిగా నశింపలేదు. అవి లక్షణగ్రంథముల మందలింపులలో, అనువాదములలో, ఊరివారు చెప్పుకొను కట్టుకథలలో దాగియున్నవి. వీనిని వెదకుటకు నేటి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల భూమి మిక్కిలి అనువైనది. 2016 అక్టోబరు 11న ఈ మూడు జిల్లాలును ఏర్పడకముందు ఇందలి యధికభాగము వరంగల్లు జిల్లాలోనిదే. కాళేశ్వర, మహాదేవపుర ప్రాంతము మాత్రము కరీంనగరము నుండి వచ్చి భూపాలపల్లిలో చేరినది. జనగామ జిల్లాలోని పాలకుర్తి మండలమున, ఒకదాని కొకటి కొద్ది దూరములోనే, పాలకుర్తియు బమ్మెరయు ఉన్నవి. తెలుగుదేశమున పాఠకులను ఇంతగా రెండు పక్షములుగా చీల్చిన ఇద్దరు కవులు ఇంత దగ్గరి యూళ్లతో ముడివడియుండుట విశేషము.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమును గూర్చి మనకు లభించు తొలి పాఠకాభిప్రాయము నిందయే. 16వ శతాబ్ది ఆరంభమున ఆ ద్విపదకావ్యమును పద్యకావ్యముగా మార్చిన పిడుపర్తి సోమనాథుడు తన అవతారికలో ఒక కథ చెప్పెను. ఓరుగంటి స్వయంభూదేవుని యాలయమున శివభక్తులు కూడి బసవపురాణమును చదువుచుండగా ప్రతాపరుద్రుడు చూచి, అదియేమని యడిగెనట. ప్రక్కనున్న బ్రాహ్మణు డొకడు, ఇది పాల్కురికి సోముడను పతితుడు నిన్న మొన్న కల్పించినది, యతుల తీరు సరిగా లేని ద్విపద, ప్రమాణము కాదని చెప్పెను. రాజు వెనుదిరిగి పోయెను.

ఈ కథ యథార్థముగా జరిగినదా యను చర్చ ఇచట అనవసరము. సోమనాథుని కాలమే విద్వాంసులలో వివాదగ్రస్తమైయుండగా, ఆ ప్రతాపరుద్రుడు మొదటివాడా రెండవవాడా యని తేల్చుట ఈ వ్యాసపు పని కాదు. మనకు కావలసినది ఆ బ్రాహ్మణుని వాక్యము. అందు మూడు ఆక్షేపణలున్నవి: కర్త పతితుడు, కృతి క్రొత్తది, ఛందస్సు తక్కువది. కథ బాగున్నదా లేదా, భక్తి పండినదా లేదా యను మాట ఒక్కటియు లేదు. గ్రంథమును విప్పి చూడకయే చెప్పదగిన అభిప్రాయమిది. ఇట్టివి మన కాలమునను దుర్లభములు కావు.

సోమనాథుడు ఈ ఆక్షేపణలను ముందే యెరుగును. తన కృతి తెలుగు మాటలని, ద్విపదయని చులకన చేయవలదనియు, వేదములతో సమానముగా చూడవలెననియు అతడు పీఠికలోనే కోరెను. గద్యపద్యములకన్న జాను తెనుగు సర్వసామాన్యమగుటచే దానిని గ్రహించితినని చెప్పెను. అనగా అతనికి కావలసిన పాఠకుడు రాజు ప్రక్కన నిలుచువాడు కాడు. గుడి మంటపమున కూర్చుండి వినువాడు. పిడుపర్తి కథలో ఆ రెండు వర్గములును ఒకేచోట ఎదురుపడినవి. రాజు పోయినను మంటపమునందలివారు పోలేదు. గ్రంథము బ్రదికినది వారివలననే యని నా నమ్మకము.

తరువాతి పాఠకుల తీర్పు వేరుగా వచ్చినది. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడమునకు తెచ్చెను. ఒక భాషవారి గ్రంథమును మరియొక భాషవారు శ్రమపడి తమదిగా చేసికొనుటకన్న గట్టి మెప్పు ఏముండును? పిడుపర్తివాని పద్యానువాదము మాత్రము రెండంచుల మెప్పు. మూలము మీది భక్తిచే అతడు పూనుకొనెను. కాని ద్విపద పండితసభలో చెల్లదను అభిప్రాయమునకు ఆ రూపమార్పుచేత కొంత తల యొగ్గినట్లే యైనది. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికతో ఆంధ్రగ్రంథమాల పక్షమున ద్విపదమూలమును ప్రకటించిన పిమ్మట విశ్వవిద్యాలయములకు ఆ కృతి చదువదగినదైనది. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోగేర్ గారల ఆంగ్లానువాదము ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము నుండి వెలువడెను. తెలంగాణ రాష్ట్రోద్యమ కాలమునను, 2014 తరువాతను సోమనాథుడే తెలుగున ఆదికవి యను వాదము బలపడినది. స్వతంత్రమైన దేశికథను దేశిచ్ఛందమున చెప్పినవారిలో అతడు మొదటివాడనుట నిస్సంశయము. ఆదికవి యను బిరుదమునకై నన్నయను త్రోసివేయవలసిన అగత్యము నాకు కనిపింపదు. పూర్వము ఛందస్సును చూచి తీర్పు చెప్పిరి. ఇప్పుడు ప్రాంతమును చూచి చెప్పుచున్నారు. పుస్తకము నడుమ నిలిచియే యున్నది.

బమ్మెర పోతన విషయమున పాఠకుల చరిత్ర మరింత విచిత్రము. భాగవతమునకు జనులలో వచ్చిన ఆదరము మరి యే తెలుగు కావ్యమునకును రాలేదు. ప్రహ్లాదచరిత్ర, గజేంద్రమోక్షము, రుక్మిణీకల్యాణము అక్షరజ్ఞానము లేనివారికిని నోటికి వచ్చినవి. అట్టి గ్రంథమును లక్షణకర్తలు ఉదాహరణములకు గ్రహింపలేదు. 17వ శతాబ్ది మధ్యభాగమున అప్పకవి ఇందులకు కారణము చెప్పెను. భాగవతము అన్నివిధముల మేలైనదే కాని, ప్రాసస్థానమున రేఫకును శకటరేఫకును భేదము పాటింపక కలిపివేసినందున పూర్వలాక్షణికులు దానిని విడిచిరట. ఒక్క అక్షరపు గీతచేత ఇంత గ్రంథము శాస్త్రపంక్తికి దూరమైనది. అప్పకవి మాటలలో నిందకన్న విచారమే యెక్కువగా నాకు తోచును. నియమమును కాదనలేడు, గ్రంథమును కాదనుటకు మనసొప్పలేదు. జనుల చెవికి మాత్రము ఆ రెండు రేఫల భేదము అప్పటికే వినబడుట మానినది. పోతన వారు పలికినట్లు వ్రాసెను.

పండితులు ఇట్లు అక్షరములు లెక్కించుచుండగా ఊరివారు వేరొక విమర్శ నడిపిరి. అది కథారూపమున నున్నది. శ్రీనాథుడు పోతనకు బావమరది యట. గజేంద్రుని మొర విని విష్ణువు శంఖచక్రములు పట్టక, లక్ష్మికైన చెప్పక పరుగెత్తెనని పోతన వ్రాయగా శ్రీనాథుడు పరిహసించెను: ఆయుధము లేక పోయి యేమి చేయును, చూచి రా బోయెనా? పోతన మారు పలుకలేదు. కొంతసేపటికి బావిలో పెద్దరాయి వేయించి, నీ బిడ్డ బావిలో పడినదని కేక వేయించెను. శ్రీనాథుడు త్రాడు లేక, బొక్కెన లేక పరుగెత్తెను. బావిగట్టున నిలిచియున్న పోతన, త్రాడు లేక వచ్చి బిడ్డనెట్లు తీయుదువని యడిగెనట.

వీరిద్దరి బంధుత్వమునకు చరిత్రాధారము లేదు. ఈ కథ కల్పితమే. కాని దీనిని కల్పించినవాడు మంచి విమర్శకుడు. ఔచిత్యమను పేరుతో అలంకారశాస్త్రము చర్చించు ప్రశ్ననే ఇతడు బావిగట్టున పరిష్కరించెను. ఆక్షేపణ కృత్రిమము కాదు. నిజముగా ఒక తెలివిగల శ్రోత అడుగదగినది. సమాధానము శాస్త్రవాక్యము కాదు, అనుభవము. పురాణశ్రవణము ముగిసి ఇండ్లకు మరలుచు ఎవరో అడిగియుందురు, ఎవరో బదులు చెప్పియుందురు. ఆ సంభాషణము బావగార్ల కథయై నిలిచినది. కృతిని రాజున కంకితమిమ్మని శ్రీనాథుడు చెప్పుట, సరస్వతి కన్నీరు పెట్టుట మొదలగు కథలును ఇట్టివే. రాచకొండ సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతమును పాతిపెట్టించెననియు, కొంత చెదలు తినగా తరువాతివారు పూరించిరనియు చెప్పుదురు. గంగన పంచమస్కంధమును, ఏర్చూరి సింగన షష్ఠమును, వెలిగందల నారయ ఏకాదశ ద్వాదశములను పూరించినది నిజము. పూరణమునకు కారణము జనులు ఊహించుకొనిరి. తమకు ప్రియమైన గ్రంథమున లోపముండినచో ఆ తప్పు రాజుదే కావలెను, కవిది కారాదు. సింగభూపాలునికి సంబంధించిన భోగినీదండకము పోతనది కాదని వాదించువారి మనసులోను ఈ ప్రేమయే పనిచేయుచున్నదేమో! భాగవతము వ్రాసిన చేయి వేశ్యను గూర్చి వ్రాసెనని నమ్ముటకు మనము సిద్ధముగా లేము. ఇక పోతన ఊరు కడప జిల్లా ఒంటిమిట్టయా, ఓరుగల్లు ప్రాంతపు బమ్మెరయా యని సాగిన వివాదమును ఇచట తడవను. బమ్మెరలో నేటికిని పోతన పొలమని ఒక చోటు చూపుదురు.

అక్షరములను చదువనివారును గ్రంథపాఠకులే యనవచ్చును. ఈ సీమలో కులపురాణములను పటములపై చిత్రించి, ఒక్కొక్క బొమ్మను చూపుచు కథ చెప్పుదురు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును వినిపింతురు. ఆ పటములు వ్రాయు నకాశీలు చేర్యాలలో ఉన్నారు. చేర్యాల పూర్వము వరంగల్లు జిల్లాలోనిదే, నేడు సిద్దిపేట జిల్లాలో చేరినది. కోయలకు డోలీలు పడిగెల ననుసరించి వంశకథలను చెప్పుదురు. సమ్మక్క సారలమ్మల మేడారము 2016 నుండి భూపాలపల్లి జిల్లాలో నుండి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లాలో చేరినది. ఇచట శ్రోతల అభిప్రాయము గ్రంథముపై తీర్పుగా గాక, గ్రంథమును పోషించు హక్కుగా వ్యక్తమగును. కథ తమది కానిచో కథకునికి గింజలు కొలువరు. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపద గేయసాహిత్యమును పరిశోధించి 1958లో గ్రంథముగా ప్రకటించువరకు మన తెలుగు శాఖలు ఈ సాహిత్యమును అంతగా లెక్కింపలేదు.

ఇరువదవ శతాబ్దిలో పాఠకునికి ఒక గది దొరకినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుస్తకప్రకటన ప్రారంభించెను. ఉర్దూ రాజభాషగా నున్న సంస్థానమున తెలుగు పుస్తకమును చదువుటయే ఒక అభిప్రాయప్రకటన మయ్యెను. సభ జరుపుటకు ముందుగా అనుమతి కావలెనను గస్తీ నిషాన్ 53 అమలులో నుండగా, పత్రికను బిగ్గరగా చదువు నలుగురి గుంపును కూడ అధికారులు అనుమానించెడివారు. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని ముడుంబై వేంకట రాఘవాచార్యులుగారు వ్రాసిరి. దానికి సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను చూపిరి. ఆ సంచికలోని పద్యములన్నియు గొప్పవని నేననను. ఒక పాఠకుని అవగాహనాలోపమును వందలకొలది పాఠకులు కూడి దిద్దిన గ్రంథమది. దాని గొప్పతన మందున్నది.

వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించెను. తాను వ్రాయుటకు ముందు చదివించుట ముఖ్యమని తలచినవాడు; పుస్తకములు మోసికొని తిరిగి అమ్మినవాడు. జనగామ తాలూకాలో రైతుపోరాటము రగిలి, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణించిన తరువాతి సాహిత్యమునకు ఆ చదువరులే పునాది. ఆళ్వారుస్వామి ప్రజల మనిషి 1955లోను, దాశరథి రంగాచార్యుల చిల్లర దేవుళ్లు 1969లోను వెలువడినవి. ఈ నవలలను గూర్చి పాఠకులలో రెండభిప్రాయములు కలవు. ఇవి చరిత్రయే కాని నవలలు కావని కొందరు. ఆ చరిత్ర వ్రాతలో దొరకనందున ఈ నవలలే దానికి దస్తావేజులని కొందరు. రంగాచార్యుల పాత్రలు దొర గడీలో మాటలాడు తీరున ఉర్దూ కలిసిన ఆ తెలుగు ఎంత సహజముగా నున్నదో గమనించినవారు మొదటి ఆక్షేపణను పట్టుకొనియుండరు. ప్రజల మనిషిలో మాత్రము కొన్నిచోట్ల ఉపన్యాసము కథను మించినదని ఒప్పుకొనవలసియున్నది.

రంగాచార్యుల అన్న దాశరథి కృష్ణమాచార్యులు. ఇద్దరును నేటి మహబూబాబాదు జిల్లాలోని చినగూడూరున పుట్టినవారు. నిజాం పాలన చివరి దినములలో ఇందూరు చెరలో దాశరథి బొగ్గుతో గోడపై పద్యములు వ్రాయగా కాపలావారు చెరిపివేసెడివారు. ఆళ్వారుస్వామి అవి చదివి కంఠస్థము చేసి మరల వ్రాసెడివాడని చెప్పుదురు. పోతన కృతిని రాజునకీయలేదు. ఐదు శతాబ్దుల తరువాత 1949లో అగ్నిధార అచ్చుపడినప్పుడు దాశరథి దానిని ఆ చెరసాల చదువరియైన ఆళ్వారుస్వామికే అంకితమిచ్చెను.