చివరి అంకె దాకా అచ్చయిన సంఖ్య: భారత జనగణనలో లోపం, దాని ప్రకటన

2011 మార్చి 31న విడుదలైన తాత్కాలిక లెక్కల్లో భారతదేశ జనాభా 1,21,01,93,422. ఆ తరువాత వెలువడిన తుది లెక్క 1,21,08,54,977. రెండింటికీ తేడా 6.6 లక్షలు మాత్రమే. ఇంత పెద్ద దేశంలో ఇది చాలా స్వల్పం. అయితే గణన ముగిశాక అదే యంత్రాంగం నమూనా బ్లాకుల్లో మళ్లీ ఇల్లిల్లూ తిరిగి గణనానంతర సర్వే జరిపింది. వెయ్యికి 23 మంది చొప్పున నికరంగా లెక్కకు అందలేదని అందులో తేలింది. దేశమంతటికీ వర్తింపజేస్తే వారు దాదాపు 2.8 కోట్ల మంది. అంటే ఎడమ నుంచి మూడో అంకె దగ్గరే అనుమానం ఉండగా, కుడి చివరి అంకె దాకా తడుముకోకుండా అచ్చు వేస్తున్నాం. పోటీ పరీక్షల అభ్యర్థులు తుది సంఖ్యను బట్టీ పడతారు. వెయ్యికి 23 అన్న మాట వారిలో ఎందరి చెవిన పడి ఉంటుంది?

జనసంఖ్యకు నమ్మకం కలిగించేది లెక్కించిన తలల సంఖ్య కాదు. ఆ లెక్కను దానితో సంబంధం లేని మరో లెక్కతో సరిపోల్చాలి, వచ్చిన తేడాను దాని పక్కనే చెప్పాలి. ఈ వ్యాసంలో నా వాదన ఇదే. భారత జనగణన యంత్రాంగం మొదటి పని చాలావరకు చేస్తోంది. రెండో పని దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తోంది.

ఈ సరిపోల్చే పద్ధతికి మన దేశంతో గట్టి బంధమే ఉంది. 1949లో సి. చంద్రశేఖరన్, డబ్ల్యు. ఎడ్వర్డ్స్ డెమింగ్ కలిసి ప్రచురించిన పత్రానికి ఆధారం కలకత్తా దగ్గరి సింగూరు ఆరోగ్య కేంద్రం పరిధిలో సేకరించిన జనన మరణ వివరాలు. ఒకే ప్రాంతంలోని జననాలను ఇద్దరు విడివిడిగా నమోదు చేశారనుకుందాం. రెండు జాబితాల్లోనూ ఉన్నవెన్ని, ఒక్కదానిలోనే ఉన్నవెన్ని అని తేలిస్తే, రెండింటికీ చిక్కకుండా పోయినవెన్నో అంచనా కట్టవచ్చు. షరతు ఒక్కటే: ఒకరి జాబితా చూసి మరొకరు రాయకూడదు. 1960ల మధ్యలో ప్రయోగాత్మకంగా మొదలైన నమూనా నమోదు వ్యవస్థ ఇదే జంట నమోదు సూత్రం మీద నడుస్తోంది. ఊళ్లో ఉండే నమోదుదారు ఏడాది పొడవునా జననమరణాలు రాసుకుంటాడు. సూపర్‌వైజర్ ఆరు నెలలకోసారి వచ్చి విడిగా విచారిస్తాడు. రెండు జాబితాలనూ పోల్చి, తేడా వచ్చిన చోట మళ్లీ తనిఖీ చేస్తారు. మన జనన మరణ రేట్లకు ఉన్న విశ్వసనీయత ఈ చాకిరీ ఫలితమే.

జనగణన దారి వేరు. దేశమంతటా ఏకకాలంలో జరిగిన తొలి గణన 1881 నాటిది. 1931 వరకు ఒక నిర్ణీత రాత్రి ఎవరు ఎక్కడుంటే అక్కడే లెక్కించేవారు. 1941 నుంచి ఆ పద్ధతి పోయి, కొన్ని రోజుల పాటు సాగే గణన వచ్చింది. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇళ్లు తిరిగారు. నిలువ నీడ లేనివారిని 28వ తేదీ రాత్రి లెక్కించారు. మార్చి 1 నుంచి 5 దాకా మరోసారి వెళ్లి ఆలోగా పుట్టినవారినీ పోయినవారినీ సవరించారు. దాదాపు 27 లక్షల మంది చేసిన ఈ పనిలో శ్రద్ధకు కొదవ లేదు. అయినా సంఖ్యకు లాభం ముడిపడిన చోట ఎన్యూమరేటర్ శ్రద్ధ ఒక్కటే సరిపోదని చెప్పడానికి నాగాలాండ్ సాక్ష్యం.

1991లో ఆ రాష్ట్ర జనాభా 12.1 లక్షలు. 2001లో 19.9 లక్షలు. పదేళ్లలో 64 శాతానికి పైగా, అంటే ఏటా దాదాపు 5 శాతం పెరుగుదల. జననాలు ఎంత ఎక్కువగా, మరణాలు ఎంత తక్కువగా ఉన్నాయనుకున్నా సహజంగా ఇంత పెరగడం అసాధ్యం. మిగతాదంతా వలసే అనాలంటే, ఆ వచ్చినవాళ్లు వయసుల పట్టికలో, పుట్టిన చోటు పట్టికలో ఎక్కడో కనిపించాలి. ఇక్కడ జనాభా శాస్త్రంలోని తేలికైన కూడిక చాలు. 2001లో పదేళ్లు, ఆపై వయసున్న వారంతా 1991లో బతికి ఉన్నవారే. కాబట్టి బయటి నుంచి ఎవరూ రాకుంటే వారి సంఖ్య 1991 మొత్తాన్ని మించడానికి వీల్లేదు. రాష్ట్ర ప్రభుత్వమే ఆ లెక్కను ఒప్పుకోలేదు. 2011లో మరింత జాగ్రత్తగా లెక్కిస్తే 19.79 లక్షలని తేలింది. యుద్ధం లేదు, కరువు లేదు, అయినా పదేళ్లలో జనాభా తగ్గింది! నిజానికి తగ్గింది జనం కాదు, 2001 నాటి పొంగు. నియోజకవర్గాల పునర్విభజన రాబోతోందన్న అంచనా ఆ పొంగుకు ఒక ముఖ్య కారణం. సీట్లు, నిధులు, తెగల మధ్య పోటీ అంకెల్ని ఎలా ఉబ్బించాయో అంకుశ్ అగర్వాల్, వికాస్ కుమార్ 2020లో వచ్చిన తమ గ్రంథంలో వివరంగా చర్చించారు. అదే 2001లో మణిపూర్‌లోని సేనాపతి జిల్లాకు చెందిన మూడు సబ్‌డివిజన్ల లెక్కలను కేంద్రం పక్కన పెట్టాల్సి వచ్చింది. పక్కన పెట్టామని బాహాటంగా చెప్పడాన్ని మాత్రం మెచ్చుకోవాలి. రాష్ట్ర పట్టిక కింద ఆ గమనిక ఉంది కాబట్టే పరిశోధకుడు మోసపోడు.

ఇలా అంకెలు ఉబ్బడానికి తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ 2014 ఆగస్టు 19. తెలంగాణ ప్రభుత్వం సెలవు ప్రకటించి ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. పేరు లేకపోతే రేషన్, పింఛను పోతాయేమోనన్న భయంతో ముంబై, భివండీల నుంచి జనం బస్సులూ రైళ్లూ పట్టుకుని సొంతూళ్లకు వచ్చారు. 2011 గణనలో సుమారు 83 లక్షలున్న కుటుంబాలు ఈ సర్వేలో కోటి దాటాయి. మూడేళ్లలో ఇన్ని కాపురాలు కొత్తగా ఏర్పడ్డాయని ఎవరూ అనుకోరు. ఒకే కప్పు కింద ఉన్నవారు విడివిడిగా రాయించుకోవడం వల్లే అంకె ఇంతలా పెరిగింది. దాన్ని జనం తప్పనడం అన్యాయం. లబ్ధిదారుల జాబితాకు, జనగణనకు ధర్మాలు వేరు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తి చెప్పిన వివరాలను చూసే హక్కు ఇతరులకు లేదు, అవి కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. తాను చెప్పింది తనకు లాభమూ కాదు, నష్టమూ కాదు అన్న ధీమా ఉంటేనే మనిషి ఉన్నదున్నట్టు చెబుతాడు.

ధీమా ఉన్నా తెలియని విషయం చెప్పలేడు. వయసు అలాంటిదే. దివిసీమ ఉప్పెన నాటికి పెద్దవాడు బడికి పోతున్నాడనే లెక్క మీదే వయసు చెప్పే తల్లులు నిన్నమొన్నటి దాకా ఉన్నారు. ఎన్యూమరేటర్‌కు ఇలాంటి స్థానిక ఘటనల పట్టిక దగ్గర పెట్టుకోమని చెప్పేది అందుకే. అయినా 30, 35, 40 దగ్గర జనం కుప్పపడతారు. 23 నుంచి 62 ఏళ్ల మధ్య వారిలో సున్నాతో, అయిదుతో ముగిసే వయసులు చెప్పినవారు అయిదో వంతు ఉండాలి. ఎంత మించితే లోపం అంత. విపుల్ సూచిక కొలిచేది దీన్నే. ఈ పక్షపాతం దాగదు కాబట్టి దీన్ని సర్దుబాటు చేయడం సులువు. లెక్కకు అసలే అందని పసిపిల్లలు, పట్టణాల్లో ఇల్లు మారుతూ తిరిగేవాళ్లు అలా పట్టికలో కనిపించరు. వారి జాడ గణనానంతర సర్వేలోనే దొరకాలి.

సమస్యంతా ఆ సర్వే స్థానం గురించే. దాన్ని జరిపేది జనగణన కార్యాలయమే. తన పనిలోని లోపాన్ని తానే కొలుచుకుంటుందన్నమాట. చంద్రశేఖరన్, డెమింగ్ పెట్టిన స్వతంత్రత షరతు ఇక్కడ సగమే నెరవేరుతోంది. పైగా ఫలితం ప్రధాన పట్టికలు వచ్చిన చాలాకాలానికి వేరే నివేదికగా వెలువడుతుంది. అప్పటికి ఆ పట్టికలు చట్టాల్లోకి, కేటాయింపుల్లోకి చేరిపోతాయి. ఆహార భద్రతా చట్టం లబ్ధిదారుల సంఖ్య 81.35 కోట్లుగా నిలిచిపోవడానికి మూలం 2011 జనాభాయే. 2021లో జరగవలసిన గణన వాయిదా పడడంతో అంచనాలు, నమూనా సర్వేలు అన్నీ ఆ పాత పునాది మీదే నడిచాయి.

2025 జూన్ 16 నోటిఫికేషన్ తదుపరి గణనకు ప్రామాణిక తేదీని 2027 మార్చి 1గా నిర్ణయించింది. మంచు ప్రాంతాలకు అది 2026 అక్టోబర్ 1. ఈసారి కులం కూడా అడుగుతారు, ప్రజలే వివరాలు నమోదు చేసుకునే వీలుంటుంది. రాజ్యాంగం ప్రకారం లోక్‌సభ సీట్ల పంపకాన్ని ఆపి ఉంచింది 2026 తరువాతి తొలి గణన వరకే. నాగాలాండ్‌లో ఒక రాష్ట్రాన్ని కుదిపిన ఒత్తిడి ఈసారి అన్ని రాష్ట్రాల మీదా ఉంటుందని దీని అర్థం. కాబట్టి గణనానంతర సర్వేను జనగణన కార్యాలయంతో సంబంధం లేని సంస్థకు అప్పగించాలి. సొంతంగా నమోదు చేసుకున్న కుటుంబాల్లో లోపమెంతో, ఎన్యూమరేటర్ రాసిన చోట ఎంతో విడిగా కొలవాలి. ప్రతి రాష్ట్రపు జనసంఖ్య కింద, అదే పేజీలో, దాని నికర లోపాన్ని అచ్చు వేయాలి. అది తేలేదాకా ఆ అంకెలతో సీట్లు పంచకూడదు.