లెక్కకు తాళా



నేను ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు లెక్కలు చెప్పినవాడను. కూడిక ముగించి "అయినదండీ" యని పలక చేతబట్టుకొని లేచిన పిల్లవానిని నేనడుగు మొదటి ప్రశ్న యొక్కటే: "తాళా చూచితివా?" పైనుండి క్రిందికి కూడినదానిని క్రిందినుండి పైకి మరల కూడవలెను. రెండుమారులును ఒకే మొత్తము వచ్చినగాని పలక నా చేతికి రాకూడదు. మన పల్లెలలో వెనుకటి కరణములకును షావుకార్లకును ఇదియే నియమము. చిట్టాలోని పద్దు ఆవర్జాకెక్కును; రెండును సరిపోలనినాడు తప్పు దొరకువఱకు దీపము మలిపెడివారు కారు.

మొన్న నొక యెరువుల దుకాణమున నేను రెండు బస్తాలు కొనగా చీటిలో పండ్రెండని పడినది. "కొన్నవి రెండే గదా నాయనా" యంటిని. "కంప్యూటరులో అట్లే వచ్చినదండీ, అది తప్పదు" అని కుఱ్ఱవాడు బదులు చెప్పెను. బస్తాలు కన్నుల యెదుటనే యున్నవి గావున ఎంచి చూపితిని, అతడొప్పుకొనెను. ఎదుట బస్తాలు లేనినాడు గతి యేమి? ఈ ప్రశ్నయే నాచేత నొక చరిత్రను చదివించినది. దానినే నేడు మీకు విన్నవించుచున్నాను.

కథ ఇంగ్లండున మొదలగును. 1821వ సంవత్సరమున చార్లెసు బాబేజి యను గణితవేత్త, తన మిత్రుడగు జాన్ హెర్షెలుతో గూడి, ఖగోళ గణితపు పట్టికలను సరిచూచుచుండెను. ఇరువురు వేఱువేఱుగా కట్టిన లెక్కలను ప్రక్కప్రక్కన బెట్టగా తప్పుమీద తప్పు బయటపడెను. నావికులు ఇట్టి పట్టికలను నమ్ముకొనియే నడిసముద్రమున దారి తెలిసికొనువారు. అంకె తప్పిన ఓడ దారి తప్పును. మనుష్యులు విసిగి చేయు నీ పనిని యంత్రముచేత చేయింపరాదా యని బాబేజి తలపోసి, లెక్కల యంత్రమునకు పూనుకొనెను. అది యాయన జీవితకాలమున పూర్తికాలేదు. తప్పుటంకెలు వేసినను ఒప్పు జవాబు వచ్చునా యని పార్లమెంటు సభ్యులు కొందఱు తన్నడిగిన సంగతిని ఆయన 1864లో తన స్వీయచరిత్రమున వ్రాసి విస్తుపోయెను. తిరుగలిలో ఇసుక పోసినవానికి పిండి రాదని వేఱుగ చెప్పవలెనా?

అటుపిమ్మట చాల యేండ్లు గడచెను. లండను నగరమున లయన్సు కంపెనీ యని యొకటి యుండెను. రొట్టెలు, కేకులు చేయించి, వందలకొలది తేనీటి దుకాణములలో అమ్ముట దాని వ్యాపారము. ఒక్కొక్క రొట్టెమీద లాభము బహుస్వల్పము, అమ్మకములో, కోట్లకొలది. అట్టి వ్యాపారమున లెక్క యొకింత జారినను లాభము నష్టమగును. అందుచే ఆ కంపెనీవారు 1947లో తమ యుద్యోగులనిద్దఱిని అమెరికాకు పంపి, అక్కడ క్రొత్తగా పుట్టిన గణకయంత్రములను గూర్చి విచారించిరి. పిదప కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారి యంత్రమునకు విరాళమిచ్చి, దాని జాడనే తామును ఒక యంత్రమును కట్టించుకొనిరి. దాని పేరు లియో. 1951 నవంబరులో అది రొట్టెల కార్ఖానా సరకు విలువను వారము వారము లెక్కగట్ట మొదలిడెను. వ్యాపారమున నిత్యకృత్యమునకు కంప్యూటరును వాడుటలో ప్రపంచమున ఇదియే మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. అనుభవముగల గుమాస్తా ఒక పనివాని జీతము కట్టుటకు ఎనిమిది నిమిషములు పట్టగా, లియో ఒకటిన్నర సెకండులో కట్టెను.

అయినను పెద్దలారా, ఆ వేగముకంటె నాకు మెచ్చదగినదిగా తోచినది వారి జాగ్రత్త. ఒకరు కొట్టిన అంకెలను మఱియొకరు తిరిగి కొట్టి, రెండును పోల్చి చూచినపిమ్మటనే యంత్రమునకిచ్చెడివారు. ఒకరు వ్రాసిన క్రమమును, అనగా యంత్రము నడువవలసిన ఆజ్ఞల వరుసను, వేఱొకరు పరీక్షింపవలెను. యంత్రమునకు జీతముల పని నప్పగించుటకు ముందు గుమాస్తాల లెక్కతో సరిచూచుకొనిరి. తాళా చూచుటను యంత్రము వచ్చినదిగదా యని వారు విడువలేదు. మఱింత గట్టిగా పట్టుకొనిరి.

ఇక రెండవ భాగము చెప్పుటకు మనసొప్పదు. లయన్సువారి గణకయంత్రశాఖ 1963లో వేఱొక సంస్థతో కలసినది. 1968లో నది ఐ.సి.ఎల్. అను పెద్ద కంపెనీలో చేరినది, ఆ ఐ.సి.ఎల్. తుదకు జపాను దేశపు ఫుజిత్సు కంపెనీ వశమైనది. ఈ వంశమునందే హొరైజను అను కంప్యూటరు పద్ధతి పుట్టెను. 1999 మొదలు బ్రిటనులోని పోస్టాఫీసు సంస్థ దానిని ఊరూర నెలకొల్పెను. అక్కడి సబ్ పోస్టుమాస్టరులు చాలమంది చిల్లర దుకాణము నడుపుకొనుచు, దానిలోనే తపాలా పనియు చూచుకొను గౌరవనీయులైన గృహస్థులు. కొందఱి లెక్కలలో ఉన్నట్టుండి వేలకొలది పౌనులు లోటు చూపుట మొదలాయెను. పెట్టెలో సొమ్మున్నది, చేతిలో చీటియున్నది. యంత్రము మాత్రము లేదనుచున్నది. మొఱపెట్టుకొన్న పలువురకు, "ఇట్టి చిక్కు మీకొక్కరికే వచ్చినది" అను జవాబు దొరకెను.

యంత్రము తప్పిన తీరున కొక్క దృష్టాంతము. 2015లో స్కాట్లండులోని డాల్మెల్లింగ్టను శాఖలో ఎనిమిదివేల పౌనుల జమ వ్రాయుచుండగా తెర కదలలేదు. మీట మరల మరల నొక్కగా, యంత్రము ఆ యెనిమిదివేలను నాలుగుమారులు వ్రాసికొనెను. చేతికి వచ్చినది ఎనిమిదివేలు, లెక్కకెక్కినది ముప్పదిరెండువేలు, లేని లోటు ఇరువదినాలుగువేలు!

న్యాయస్థానములును యంత్రమునే నమ్మెను. 1984 నాటి యొక చట్టము, కంప్యూటరు సాక్ష్యము తెచ్చువాడు అది సరిగా పనిచేసినదని చూపవలెనని విధించియుండెను. 1999లో చేసిన చట్టము ఆ నిబంధనను తీసివేసెను. నాటినుండి యంత్రము సరియైనదనియే మొదట తలచుట వాడుకయైనది. దాని ఫలముగా 2015 వఱకు 900 మందికి పైగా నేరస్థులుగా నిర్ణయింపబడిరి. కొందఱు చెఱసాలకు పోయిరి. కొందఱు ఇండ్లమ్మి లేని లోటు పూడ్చిరి. ఊరివారి యెదుట తలయెత్తలేక కొందఱు ఊరే విడిచిరి.

అలన్ బేట్సు అను మాజీ సబ్ పోస్టుమాస్టరు మాత్రము పట్టు విడువక, తనవంటి బాధితులను కూడగట్టెను. 555 మంది కలసి వేసిన దావాలో 2019 డిసెంబరున న్యాయమూర్తి, ఆ యంత్రపద్ధతిలో దోషములు గలవని తీర్పు చెప్పెను. 2021 ఏప్రిలులో 39 మంది శిక్షలను పై న్యాయస్థానము ఒక్కనాడే కొట్టివేసెను. 2024 మేలో పార్లమెంటు ప్రత్యేకచట్టము చేసి తక్కిన శిక్షలలో పెక్కింటిని మూకుమ్మడిగా రద్దుచేసెను. న్యాయము వచ్చినది నిజమే. అది వచ్చునాటికి కొందఱు బ్రతికిలేరు.

ఒకే వంశమునందలి పెద్దలు తాళా చూచి కీర్తి గడించిరి. తరువాతివారి కాలమున తాళా లేక నిరపరాధుల కొంప మునిగినది. యంత్రము చెడ్డదని నేననుట లేదు. దాని మేలు లయన్సువారి కథయే చాటుచున్నది. కాని యంత్రమునకు తెలిసినది మనము చెప్పిన అంకెయే. బస్తాను అది చూడలేదు, సొమ్మును అది తాకలేదు. దాని క్రమము వ్రాసినవాడును మనవంటి మనుష్యుడే.

నేడు మన భూముల లెక్కలును, రేషను కార్డులును, పింఛనులును కంప్యూటరులోని కెక్కినవి. కావున పెద్దలకు నా మనవి యిది. చీటి యడిగి పుచ్చుకొనుడు. పేరును, విస్తీర్ణమును, మొత్తమును అక్కడనే చదువుకొనుడు. పాత కాగితములను పాఱవేయకుడు. తప్పు కనబడిన మొగమాటపడక చెప్పుడు. మీ యూరిలో నెవడైన యంత్రపు మాటచే దొంగ యనిపించుకొనినచో, నలుగురు పెద్దలు కూర్చుండి ముందుగా నడుగవలసిన ప్రశ్న, "ఎంత తీసితివి?" అనునది కాదు, ఆ లెక్క చూపినవారిని, "తాళా చూచితిరా?" అనునది.