రోగభయము – నగర నిర్మాణము: మూసీ నుండి నల్లగొండ వరకు

మహామారులు జనులను హరించుటయే గాక పట్టణముల రూపమును గూడ మార్చుచుండును. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలగా, 1898లో అచ్చట నగరాభివృద్ధి సంస్థ వెలసినది. ఇట్టి కార్యకారణ సంబంధము తెలంగాణమునను గానవచ్చును.

చార్మినారు (1591) ఒక మహామారి శాంతించిన సందర్భమున నిర్మితమైనదనుట జనశ్రుతి మాత్రమే. ఆధునిక కాలపు నిదర్శనము స్పష్టమైనది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదయు, 1911లో ప్లేగును హైదరాబాదును పీడించినవి. 1912లోనే నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఎలుకలకు నెలవైన ఇరుకు వాడలు తొలగింపబడినవి, వీథులు విశాలమైనవి, పత్తర్‌గట్టిలో రాతి అంగళ్ల వరుస లేచినది. వరద నివారణకును, త్రాగునీటికిని ఉస్మాన్‌సాగరు (1920), హిమాయత్‌సాగరు (1927) నిర్మింపబడినవి.

అయితే నగరపు మురుగు మూసీ వెంట నల్లగొండ సీమకు దిగివచ్చి, వాడపల్లి కడ కృష్ణలో కలియుచున్నది. ఆ సీమ ప్రజలకు మరియొక వ్యాధి భూగర్భముననే కలదు. నల్లరాతి పొరలలోని ఫ్లోరైడు బావినీటిలో కరగి, పండ్లను గారపట్టించి, వెన్నును వంచును. ఇది అంటువ్యాధి కాదు. ఒక్క దినమున వీథులను శవమయము చేయదు. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ ఫ్లోరోసిస్‌ను బ్రిటిష్ మెడికల్ జర్నలులో వర్ణించెను. ఆ సంవత్సరము డిసెంబరు 10ననే నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. కాని కాలువనీరు పల్లమునకు పారెను. మర్రిగూడ, మునుగోడు మెట్టలు కాలువకు ఎగువననే మిగిలినవి. 1970వ దశకమున పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించు పద్ధతి 'నల్లగొండ పద్ధతి' యను పేర ప్రసిద్ధమైనది. పేరు జిల్లాది; నీటి కొరత మాత్రము తీరలేదు. 2004లో సాగరజలము అక్కంపల్లి మీదుగా హైదరాబాదు చేరినది. నడుమ కొన్ని పథకములు వచ్చినను, నల్లగొండ, మహబూబునగరముల పల్లెలను నదీజలముతో విస్తృతముగా కలిపినది 2016లో ఆరంభమైన మిషన్ భగీరథయే.

ప్లేగు పిదప మండలి ఏర్పడుటకు ఒక్క యేడు పట్టినది. సిద్దిఖీ వ్యాసము పిదప ఈ జలబంధమునకు అరువదియొక్క యేండ్లు పట్టినవి. కావున నగర నిర్మాణమును శాసించునది రోగతీవ్రత మాత్రమే కాదు. ఆ రోగము పాలకుల వాకిట కనబడుటయు, కనబడకుండుటయు. మన పట్టణ చరిత్రలను వ్రాయువారు వీథులతోపాటు నీటిగొట్టముల జాడలను, వాని సంవత్సరములను గూడ పరిశీలింపవలసియున్నది.