ఉమ్మడి భూముల భవితవ్యం: స్థానిక సంస్థల నిర్ణయాధికారం
(ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలపై నేపథ్య వ్యాసం)

గ్రామంలో ఏ ఒక్కరి పేరున పట్టా లేకుండా, ఊరందరి అవసరాలు తీర్చే భూములు ఉమ్మడి భూములు. పశువుల మేత బీళ్ళు, కళ్ళాలు, శ్మశాన వాటికలు, బండ్ల బాటలు, తోపులు, చెరువు శిఖం భూములు ఈ కోవకు చెందుతాయి. రెవెన్యూ రికార్డులలో ఇవి పోరంబోకు, గైరాన్, కంచె, శిఖం వంటి పేర్లతో నమోదై ఉన్నాయి. ఈ భూములను ఏ అవసరానికి కేటాయించాలి, ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలి అనే అంశంలో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు చట్టపరంగా ముఖ్యమైన వ్యత్యాసం ఉన్నది. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు, తిర్యాణి తదితర ప్రాంతాలు రాజ్యాంగం ఐదవ షెడ్యూలు పరిధిలో ఉన్నాయి.

పంచాయతీ సంరక్షకురాలు మాత్రమే

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలోని 55వ సెక్షను, ఆచారం ప్రకారం గ్రామస్థులందరి ప్రయోజనం కోసం నిర్వహించబడుతున్న ఆస్తులను గ్రామ పంచాయతీకి దఖలు పరచింది. ప్రభుత్వానికి ప్రత్యేక అవసరం లేని మేత భూములు, కళ్ళాలు, శ్మశానాలు, తోపులు 58వ సెక్షను ప్రకారం పంచాయతీకి చెందుతాయి. అయితే నోటిఫికేషను ద్వారా ఏ పోరంబోకు భూమినైనా ఈ ఏర్పాటు నుంచి మినహాయించే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. 2018లో తెలంగాణ రాష్ట్రం సొంత పంచాయతీరాజ్ చట్టాన్ని తెచ్చిన తరువాత కూడా ఉమ్మడి ఆస్తి గ్రామ ప్రయోజనానికే అన్న మూల సూత్రం కొనసాగింది.

జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు ఈ సూత్రానికి బలం చేకూర్చింది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి, వాటిని తిరిగి గ్రామానికి అప్పగించే పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. దీర్ఘకాల ఆక్రమణ గాని, నిర్మాణానికి చేసిన భారీ వ్యయం గాని క్రమబద్ధీకరణకు ఆధారం కాబోవని స్పష్టం చేసింది. భూమిలేని కూలీలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ప్రభుత్వం ఇచ్చిన కౌళ్ళు, ఇప్పటికే పాఠశాల, వైద్యశాల వంటివి ఉన్న స్థలాల విషయంలో మాత్రమే మినహాయింపునకు వీలు కల్పించింది. అదే సంవత్సరం జూలై 21న జి.ఓ. ఎం.ఎస్. నెం. 188 ద్వారా గ్రామ పంచాయతీ ఆస్తుల పరిరక్షణ నియమాలు జారీ అయ్యాయి.

ఆదిలాబాద్ ఏజెన్సీలో గ్రామసభ

షెడ్యూల్డ్ ప్రాంతాలలో 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, 1970 సవరణతో కలిపి, గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధిస్తున్నది. ఈ నిబంధన 1963లో తెలంగాణ ప్రాంతానికి విస్తరించింది. ప్రభుత్వ భూమికి కూడా ఈ నిషేధం వర్తిస్తుందని 1997 జూలై 11 నాటి సమత తీర్పులో సుప్రీంకోర్టు ప్రకటించింది. కావున పంచాయతీ తీర్మానం చేసినంత మాత్రాన ఏజెన్సీలోని ఉమ్మడి భూమిని గిరిజనేతర సంస్థకు ఇవ్వడం సాధ్యపడదు.

1996 నాటి పెసా చట్టం, సామూహిక వనరులను పరిరక్షించుకునే సామర్థ్యం ప్రతి గ్రామసభకు ఉన్నదని గుర్తించింది. అభివృద్ధి పథకాలకు భూసేకరణ జరిపే ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలని నిర్దేశించింది. 1998లో రాష్ట్ర చట్టానికి చేసిన సవరణ ఈ సంప్రదింపుల బాధ్యతను మండల పరిషత్తుకు అప్పగించింది. ఫలితంగా గూడెంలోని భూమిపై అభిప్రాయం చెప్పే వేదిక గూడేనికి దూరమైంది. 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టంలోని 41వ సెక్షను, షెడ్యూల్డ్ ప్రాంతాలలో సంప్రదింపుల స్థానంలో ముందస్తు సమ్మతిని తప్పనిసరి చేసింది.

అటవీ భూములకు సంబంధించి 2006 నాటి అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరుల పరిరక్షణ హక్కును గ్రామానికి ఇచ్చింది. పాఠశాల, అంగన్‌వాడీ, రోడ్డు, తాగునీటి పథకం వంటి 13 రకాల సదుపాయాలకు ఒక్కొక్కదానికి హెక్టారుకు మించకుండా అటవీ భూమిని వినియోగించేందుకు గ్రామసభ సిఫారసు అవసరం.

సరిహద్దులు మారినప్పుడు

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఏర్పడింది. ఉమ్మడి కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడగా, కొన్ని మండలాలు ఇతర జిల్లాలలో కలిశాయి. జిల్లా పరిషత్తులు మాత్రం 2019 వరకు పాత హద్దులలోనే కొనసాగి, ఆ తరువాతే కొత్త జిల్లాలకు వేర్వేరుగా ఏర్పడ్డాయి.

గ్రామ స్థాయిలో మార్పు మరింత విస్తృతమైనది. 2018 ఆగస్టు 2 నుంచి రాష్ట్రంలో 4,383 కొత్త పంచాయతీలు మనుగడలోకి వచ్చాయి. వీటిలో తండాలు, గూడేలు కూడా ఉన్నాయి. నిన్నటి వరకు ఒకే పంచాయతీలో ఉన్న మేత బీడును లేదా శ్మశానాన్ని వినియోగించుకున్న రెండు ఊళ్ళు వేర్వేరు పంచాయతీలైనప్పుడు, భూమి ఏ హద్దులో ఉన్నదన్న దానితో పాటు వాడుక హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా తలెత్తుతుంది. పంపకం కాగితాలలో వాడుకను నమోదు చేయని పక్షంలో రెండవ ఊరి పశువులకు దారి మూసుకుపోతుంది.

2019 సెప్టెంబరులో ప్రారంభమైన పల్లె ప్రగతి కింద నర్సరీలు, డంపింగ్ యార్డులు, వైకుంఠధామాలు, 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలు ఏర్పాటయ్యాయి. ఇవన్నీ ప్రజావసరాలే అయినప్పటికీ, అనేక గ్రామాలలో వీటికి స్థలం ప్రభుత్వ, ఉమ్మడి భూముల నుంచే సమకూరింది. మేత బీడు ఒకసారి వేరే అవసరానికి మళ్ళితే అంతే విస్తీర్ణం గల బీడు మళ్ళీ ఏర్పడదు. గొర్రెలు, మేకలు, పశువులపై ఆధారపడిన భూమిలేని కుటుంబాలపై ఆ భారం ముందుగా పడుతుంది.

పరిశీలించవలసిన అంశాలు

ఉమ్మడి భూమికి సంబంధించిన ఏ ప్రతిపాదనలోనైనా ఈ క్రింది అంశాలు కీలకం:

1. సర్వే నెంబరు, విస్తీర్ణం, వర్గీకరణ పహాణీలోను, పంచాయతీ ఆస్తుల రిజిస్టరులోను ఒకే విధంగా ఉన్నవా?

2. ప్రస్తుత వాడుకదారులు ఎవరు? పొరుగు పంచాయతీ వారు ఉన్నారా?

3. గ్రామసభ జరిగినదా? కోరం, హాజరు, తీర్మానం నమోదైనవా?

4. షెడ్యూల్డ్ ప్రాంతమైతే భూ బదలాయింపు నిబంధన, పెసా, అటవీ హక్కుల చట్టాల అనుమతులు ఉన్నవా?

5. కోల్పోయే వాడుకకు ప్రత్యామ్నాయం చూపబడినదా?

ఈ అయిదింటికీ రికార్డులో సమాధానం ఉన్నప్పుడే స్థానిక సంస్థ తీసుకున్న నిర్ణయం న్యాయస్థానంలోను, గ్రామంలోను నిలబడుతుంది.