జీతం స్లిప్పు లేని ఇల్లు (వాడ చరిత్ర – 9)



ఇంటి లోనుకు పోతే బ్యాంకువాళ్లు ముందుగా అడిగేవి జీతం స్లిప్పు, అది లేకపోతే ఐటీ రిటర్నులు, వాటితోపాటు లింకు డాక్యుమెంట్లున్న స్థలం దస్తావేజు. వీటిలో కులం గురించి ఒక్క మాటా ఉండదు. కానీ ఈ కాగితాలు ఎవరి బీరువాలో ఉంటాయి, ఎవరి ఇంట్లో ఉండవు అని అడిగి చూడండి. చరిత్ర బయటికొస్తుంది.

ముందు జీతం సంగతి. మన తాతలకు తాకట్టు పెట్టడానికి ఉన్నది ఒళ్లొక్కటే. పెళ్లికో, చావుకో ఆసామి దగ్గర అప్పు తెచ్చి పాలేరుగా కుదిరేవాళ్లు. తండ్రి తీర్చలేనిది కొడుకు మోసేవాడు. వెట్టిచాకిరీని రద్దు చేసిన కేంద్ర చట్టం వచ్చింది 1976లో. అంటే ఊళ్లో కొన్ని ఇళ్లకు నెలనెలా జీతం వస్తున్న కాలంలో, వాడలో జీతం ఉండటమంటే అప్పు కింద పనిచేయడమే.

ఇక స్థలం. చాలా చోట్ల గుడిసె కింది నేల కూడా భూస్వామిదే. కూలి పెంచమంటే గుడిసె ఎత్తెయ్యమనేవాడు. 1920 నాటికి మద్రాసు ప్రభుత్వం లేబర్ కమిషనర్‌ను నియమించి, అంటరానివాళ్లకు ఇళ్ల స్థలాలు సమకూర్చే పని అప్పజెప్పింది. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. స్థలాలు కొనడానికి సహకార సంఘాల ద్వారా అప్పిచ్చి, వాయిదాల మీద తిరిగి కట్టించుకునే పద్ధతి కూడా పెట్టారు. ఆ అప్పు తీసుకున్నవాళ్లు కూలీలు. పంట ఉంటే పని, లేకపోతే పస్తు. నిలకడలేని ఆదాయానికి దీర్ఘకాలపు అప్పు కుదరదనేవాళ్లకు నూరేళ్ల కిందటి జవాబు ఇది.

స్వాతంత్ర్యం తర్వాత డి-ఫారం పట్టాలొచ్చాయి. ఆ భూముల్ని పెద్దోళ్లు కాజేయకుండా 1977లో బదిలీ నిషేధ చట్టం చేశారు. అది అవసరమైన చట్టమే. బ్యాంకులకు, సహకార సంఘాలకు తాకట్టు పెట్టుకునే వీలు కూడా అందులో ఉంది. అయినా ఇంటి లోను దగ్గరికొచ్చేసరికి "ఇది అసైన్డ్, కుదరదు" అన్న మాటే నేను ఎక్కువగా విన్నాను.

ఒక తాపీ మేస్త్రీ వెంట నేనే బ్యాంకుకు వెళ్లాను. వానాకాలం రెండు నెలలు తప్ప ఆయనకు పని ఉంటుంది. భార్య బట్టలు కుడుతుంది. వాళ్ల ఫైలు పక్కన పెట్టేశారు. ఆమె మాత్రం డ్వాక్రా గ్రూపు అప్పు ఏళ్ల తరబడి ఒక్క కిస్తీ తప్పకుండా కట్టింది. ఆ పుస్తకం చూపించబోతే "అది వేరే" అన్నారు.

ఎందుకు వేరే? 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చేదాకా మైక్రోఫైనాన్సు కంపెనీలు వారంవారం వసూలు చేసింది ఇలాంటి ఆడవాళ్ల దగ్గరే కదా! అధిక వడ్డీకి పనికొచ్చిన ఆదాయం తక్కువ వడ్డీ ఇంటి లోనుకు ఎందుకు పనికిరాదు? పేదల ఇంటి లోన్లకు హామీగా కేంద్రం 2012లోనే ఒక నిధి పెట్టింది. రిజర్వ్ బ్యాంక్ ప్రాధాన్యతా రంగం లెక్కల్లో ఎస్సీ, ఎస్టీలు బలహీన వర్గాల కింద ఉన్నారు. దారులు లేక కాదు, నడవక.

అందుకే వాడల్లో తిరిగే విద్యార్థులకు కొన్ని పనులు చెబుతున్నాను. మేస్త్రీలు, డ్రైవర్లు, కుట్టుపని చేసేవాళ్ల చేత కూలి డబ్బును ఖాతాలో వేయించండి. పన్ను కట్టక్కర్లేకపోయినా ఏటా రిటర్ను వేయించండి. గ్రూపు కిస్తీల పుస్తకాలు దాచిపెట్టించండి. లోను కాదంటే, ప్రధాన కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది. నోటిమాటతో వెనక్కి రాకండి, ఆ కాగితం అడిగి తీసుకోండి.

ఒక్కో వాడ నుంచి అలాంటి కాగితాలు పది పోగైతే చాలు. "మీ దగ్గర కాగితాల్లేవు" అన్న వ్యవస్థ ముందు, అది ఇచ్చిన కాగితాలే పెట్టి మాట్లాడదాం.